పాలిష్ దాచదు, చూపిస్తుంది



ప్రతి పీటీఎంలోనూ మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "టీచర్, మా పాప ఇంగ్లిష్‌లో గలగలా ఎప్పుడు మాట్లాడుతుంది?" "ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి" అని నిరుటిదాకా చెప్పేదాన్ని. ఆ సలహాను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

మాది నాచారం. మా నాన్న వడ్రంగి. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు ఈ వేసవిలో సొంతంగా గిటారు చేసుకుంటానని పట్టుబట్టి, ఉప్పల్‌లోని ఒక టింబర్ డిపో నుంచి మామిడి చెక్క తెచ్చాడు. దాని నార తిన్నగా సాగలేదు. గాలికి కదిలే చెరువు నీళ్లలా అటూ ఇటూ తిరిగి ఉంది. వెలుగులో కదిపితే మెరుస్తుంది. దాని మీద రందా పడితే, ఒక అలకు అనువుగా పోయిన బ్లేడు పక్క అలకు ఎదురెళ్లి పెచ్చు లేపేసింది. నాన్న రందా పక్కన పెట్టించి ఉప్పు కాగితం చేతికిచ్చారు.

ఉప్పు కాగితం వెనక నంబరు ఉంటుంది. 80 బాగా గరుకు. తర్వాత 120, 180, 220, 320... నంబరు పెరిగేకొద్దీ నునుపు. ముందు కాగితం వదిలిన గీతలను తర్వాతిది చెరిపి, అంతకంటే సన్నటివి వదులుతుంది. తమ్ముడు తొందరపడి 80 కాగానే 220 పట్టుకున్నాడు. చేత్తో తడిమితే చెక్క నున్నగానే ఉంది. నాన్న తడిగుడ్డతో తుడిచి, ఎండకు ఏటవాలుగా పట్టి చూపించారు. 80 నంబరు గీతలన్నీ అలాగే ఉన్నాయి.

"పాలిష్ వేస్తే కప్పుకుపోతాయిగా?" అన్నాడు తమ్ముడు.

"పాలిష్ దాచదురా, చూపిస్తుంది" అన్నారు నాన్న.

మళ్లీ 120 నుంచి మొదలు. గట్టిగా రుద్ది తొందరగా ముగిద్దామన్నా కుదరదు. గిటారు వెనక పలక మందం 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లకైనా, మా తమ్ముడికైనా పాలిష్ చెక్క నునుపయ్యాకే.

ఆ రోజు నాకు నా 4వ తరగతి విద్యార్థి ఒకడు గుర్తొచ్చాడు. ఇంగ్లిష్ పాఠం తడబడకుండా చదువుతాడు. కథలో ఏం జరిగిందని అడిగితే చెప్పలేడు. "పోనీ తెలుగులో చెప్పు నాన్నా" అన్నా మాటలు దొరకవు. వాళ్ల అమ్మగారితో మాట్లాడితే తెలిసింది: ఆవిడ నా సలహాను అక్షరాలా పాటించారు. ఆవిడకు వచ్చిన ఇంగ్లిష్ "కమ్, ఈట్, స్లీప్, హోంవర్క్" వరకే. అందుకని ఇంట్లో మాటలూ అక్కడితోనే ఆగాయి. రాత్రిపూట చెప్పే కథలు ఆగిపోయాయి. ఆ తప్పు నాది.

ఉప్పల్, నాచారం పిల్లలది ఒక దిక్కున సాగే నార కాదు. ఇంట్లో తెలుగో, ఉర్దూనో, ఒడియానో, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్. ఆ అలల్లోనే వాళ్ల మెరుపు ఉంది. అన్నిటి మీదా ఒకే రందా లాగితే పెచ్చులు లేస్తాయి.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. రోజూ పడుకునే ముందు ఓ పావుగంట, మీకు బాగా వచ్చిన భాషలో పిల్లలతో మాట్లాడండి. కథ చెప్పండి, చెప్పించుకోండి. "ఎందుకు?", "తర్వాత ఏమైంది?" అని అడగండి. అలా ఆలోచించడం, వరసగా చెప్పడం అలవాటైన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పడం నాకూ తేలిక. వచ్చే పీటీఎంలో "ఎంత గలగలా మాట్లాడుతోంది?" అని అడిగే ముందు "చదివింది ఎంత అర్థమవుతోంది?" అని అడగండి.

ఇంగ్లిష్ పాలిష్ నా బాధ్యత. కాస్త ఆలస్యమైనా వేస్తాను. మధ్యలో నంబర్లు మాత్రం ఎగ్గొట్టమని అడగకండి.