పదహారున్నర మిల్లీమీటర్ల మాట

ప్రతి సంవత్సరం షాబాన్ మాసంలో వార్షిక పరీక్షలు ముగిసి మదరసాకు సెలవులు రాగానే మేము కర్నూలు నుండి కడపకు బయలుదేరుతాము. మా అమ్మాయిని అక్కడ ఇచ్చాము. అల్లుడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. కడప ప్రాంతంలో కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు గనుక ఇందులో వింతేమీ లేదు. బంధుత్వాన్ని కలుపుకొని ఉండడం విశ్వాసి బాధ్యతని తరగతిలో బోధించే మేము, ఏడాదికి ఒకసారి సంచి సర్దుకుని వెళ్లి నాలుగు రోజులుండి రావడంతో ఆ బాధ్యత తీరిపోతున్నదనే అనుకుంటూ వచ్చాము. ఈసారి ప్రయాణంలో మా లెక్క సరికాదని తెలిసింది.

నిరుడు వెళ్లినప్పుడు మా మనుమడు, పదకొండేళ్లవాడు, వరండాలో ఒక పాత చెక్కపలక పరచి దాని మీద సుద్దతో రైలు పట్టాలు గీసుకున్నాడు. "నానా, కర్నూలులో నిజమైన మోడల్ పట్టాలు దొరుకుతాయా?" అని అడిగాడు. మేము చదువుతున్న పుస్తకం మీది నుండి చూపు తిప్పకుండానే "ఇన్షా అల్లాహ్, మళ్లీ వచ్చేటప్పుడు తెస్తాములే" అన్నాము. వాడు సంతోషించి వెళ్లిపోయాడు. మేము పుట తిప్పాము. ఆ మాట అంతటితో మా మనసులో నుండి జారిపోయింది.

ఈ షాబాన్‌లో రాక తెలుపుదామని ఫోను చేస్తే అమ్మాయి అన్నది: "అబ్బాజాన్, వాడు పలకను గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి సిద్ధంగా ఉంచాడు. నానా పట్టాలు తెస్తున్నారని బడిలో కూడా చెప్పుకున్నాడు." మాకు నోట మాట రాలేదు. అమ్మాయి ఇంకొక సంగతి కూడా నెమ్మదిగా చెప్పింది. పోయిన రంజాన్‌కు వస్తానని వాళ్ల నాన్న మాట ఇచ్చాడు. సెలవు దొరకలేదు. బక్రీదుకన్నాడు, అప్పుడూ దొరకలేదు. అతని తప్పు కాదు. అయినా ఆనాటి నుండి పెద్దవాళ్లు "వస్తాం, తెస్తాం" అంటే పిల్లవాడు ముఖం కేసి ఒకసారి చూసి ఊరుకుంటున్నాడట. మా మాట ఒక్కటే వాడు ఇంకా నమ్మి ఉన్నాడు.

వాడినే ఫోనులోకి పిలిపించి ఏమేమి కావాలో చెప్పమన్నాము. కాగితం మీద రాసుకున్నాము. ఆ జాబితా రాసుకుంటుంటే ఇది మేమనుకున్న ఆటబొమ్మ వ్యవహారం కాదని అర్థమైంది. నిజమైన రైలును 87వ వంతుకు కుదించి చేసే నమూనాలు ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. దీనిని హెచ్ఓ కొలత అంటారు. ఇందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. పెట్టె, ప్లాట్‌ఫారం, చెట్టు, మనిషి అన్నీ అదే నిష్పత్తిలో తగ్గాలి. మన రైళ్ల పాతరకం ఐసీఎఫ్ పెట్టె సుమారు 21.3 మీటర్ల పొడవు గనుక దాని నమూనా ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు ఉండాలి. ఇంజను నడపడానికి రెండు పట్టాలకు 12 వోల్టుల డీసీ కరెంటు ఇస్తారు. తీగలు తారుమారు చేస్తే ఇంజను వెనక్కు నడుస్తుంది. ఇదంతా మాకు చెప్పినవాడు ఆరవ తరగతి పిల్లవాడు.

మర్నాడు అస్ర్ నమాజు తరువాత కర్నూలు బజారుకు వెళ్లాము. మొదటి అంగడిలో అడిగితే బ్యాటరీతో గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ రైలు చూపించారు. రెండవ చోటా అదే, రంగు మాత్రం వేరు. మూడవ అంగడి యజమాని మమ్మల్ని ఎరిగినవాడు. "హజ్రత్, మీరడిగేది ఈ ఊళ్లో దొరకదు. ఇది తీసుకుపొండి. కూత కూడా వేస్తుంది. చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు. పెట్టె చేతిలోకి తీసుకున్నాము. వెల తక్కువ, రంగులు బాగున్నాయి, పని అయిపోతుంది. చేయి జేబులోకి వెళ్లింది కూడా.

ఆ వారమే తరగతిలో చెప్పిన హదీసు ఒకటి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (ర) చిన్నతనంలో వారి తల్లి "రా, నీకొకటి ఇస్తాను" అని పిలిచింది. ఆ ఇంట్లోనే కూర్చుని ఉన్న దైవప్రవక్త (స) ఏమివ్వదలచావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె విన్నవించుకున్నది. ఏమీ ఇవ్వకుండి ఉంటే అది నీ పేర ఒక అబద్ధంగా వ్రాయబడేదని ఆయన హెచ్చరించారు. ఈ హదీసును మేము ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు బోధిస్తున్నాము. అది పెద్దల కోసం చెప్పబడినదని ఆ అంగడిలో నిలబడినప్పుడుగానీ మాకు తట్టలేదు. ఖర్జూరం ఇస్తానని పిలిచి గులకరాయి చేతిలో పెడితే ఇచ్చినట్లవుతుందా? ప్లాస్టిక్ రైలు పెట్టెను తిరిగి బల్ల మీద ఉంచి సలాము చెప్పి వచ్చేశాము.

ఈ నమూనా రైళ్లకు పెద్ద చరిత్రే ఉన్నది. జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో, తరువాత కొని కలుపుకోదగిన పట్టాలతో బొమ్మ రైళ్లను ప్రదర్శించింది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ సంస్థ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లను అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో పుణె నగరంలో జోషీ కుటుంబంవారి చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి నడుస్తున్నది. అయితే పట్టాలు, చక్రాలు విడిగా కావాలంటే పెద్ద నగరాల్లో వెతుక్కోవాలి, లేదా తపాలాలో తెప్పించుకోవాలి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థికి జాబితా పంపాము. అతడు రెండు రోజులు తిరిగి వెలలు తెలియజేశాడు. ఒక్క ఇంజను వెల మా నెల జీతంలో సగానికి పైగా ఉన్నది!

ఇక్కడ రెండవ పరీక్ష ఎదురైంది. అప్పు చేసి ఇంజను కొనడం దుబారా. చెప్పకుండా ఊరుకోవడం మరొక మోసం. మనుమడికి మళ్లీ ఫోను చేసి "బాబూ, పట్టాలు, జాయినర్లు, ఒక పెట్టెకు సరిపడా నాలుగు ఇరుసుల చక్రాలు తెస్తాము. ఇంజను మాత్రం మా వల్ల కాదు" అన్నాము. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత వాడు "పరవాలేదు నానా, పెట్టెను చేత్తో తోస్తాను. పట్టాలు మాత్రం పదహారున్నరే ఉండాలి" అన్నాడు. కాదని ముందే చెప్పడం ఇంత తేలికని మాకు ఏభై దాటిన తరువాత తెలిసింది. మూడవ రోజు బస్సు పార్సిలులో గజం పొడవు గల నాలుగు పట్టాల కట్ట కర్నూలు చేరింది. వంగకుండా రెండు చెక్కబద్దల మధ్య పెట్టి కట్టించాము.

నంద్యాల వరకు బస్సులో వెళ్లి, అక్కడి నుండి ఎర్రగుంట్ల మీదుగా రైలులో ప్రయాణించాము. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య 123 కిలోమీటర్ల ఈ మార్గం పూర్తిగా అందుబాటులోకి వచ్చింది 2016లోనే. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటిపోతుంటే మామూలుగా అయితే కునుకు తీసేవాళ్లము. ఈసారి మాత్రం కిటికీ పక్కన కూర్చుని పట్టాల మలుపు, కట్ట వాలు, సిగ్నలు స్తంభం, కంకర రంగు చూసి కాగితం మీద రాసుకున్నాము. వాడు అడుగుతాడని తెలుసు. ఒక స్టేషనులో బండి ఆగినప్పుడు గుప్పెడు కంకర తీసుకుందామా అన్న ఆలోచన వచ్చింది. అది ప్రజల సొత్తు, అమానతు. చేయి వెనక్కు తీసుకున్నాము.

ఇల్లు చేరాక మనుమడు కట్ట విప్పి మొదట చేసిన పని, బడి స్కేలు తెచ్చి పట్టాల మధ్య దూరం కొలవడం. మేము ఊపిరి బిగబట్టి చూశాము. "పదహారున్నర" అన్నాడు. తరువాత మా ముఖంలోకి చూశాడు. ఆ చూపు గురించి ఇంతకంటె వ్రాయము.

మర్నాడు వాడితో కలిసి కడప బజారులో తిరిగాము. వై.వి.స్ట్రీటు పరిసరాల్లో మైదా జిగురు కాదు, వడ్రంగులు వాడే తెల్ల జిగురు కొన్నాము. ఎలక్ట్రికల్ అంగడిలో ఎరుపు, నలుపు తీగలు, స్టేషనరీ అంగడిలో దళసరి అట్టలు తీసుకున్నాము. పచ్చికకు వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడిగి తెచ్చాము. దానికి వాడు పచ్చరంగు కాక ఎండుగడ్డి రంగు వేశాడు. "మన దగ్గర పచ్చిక ఎక్కడుంది నానా?" అన్నాడు. కంకర కోసం ఊరి చివర కడప బండలు పాలిష్ చేసే షెడ్డుకు వెళ్లాము. యాభై మిల్లీమీటర్ల కంకరను 87తో భాగిస్తే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఆ షెడ్డులో పారవేసే నల్లని రాతి పొడిని అక్కడి పనివారు ఉచితంగా ఇచ్చారు. ఇంట్లో మా అమ్మాయి పాత టీ వడకట్టుతో జల్లించి ఇచ్చింది. జల్లెడలో మిగిలిన రవ్వ సరిగ్గా సరిపోయింది.

రాత్రి పట్టాలు అంటిస్తూ వాడొక మాట అన్నాడు. "నానా, ఇందులో ఒక తప్పుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పంతొమ్మిది దాటుతుంది. ఇవి 1435 మిల్లీమీటర్ల ఐరోపా రైళ్ల లెక్కకు చేసిన పట్టాలు. మన పెట్టె వీటి మీద కొంచెం అబద్ధం." మరి వేరేవి కావాలా అని అడిగాము. "వద్దు, ఇవే దొరుకుతాయి. పలక మీద చీటీ అంటించి ఆ సంగతి రాస్తాను" అన్నాడు. అన్నట్లే రాసి అంటించాడు.

అప్పుడు గమనించాము, వాడు కడుతున్నది ఏ విదేశీ స్టేషనో కాదు, కడప స్టేషనే. మదరాసు నుండి వచ్చిన రైలు మార్గం 1871లో రాయచూరు చేరి బొంబాయితో కలిసింది. ఆ మార్గం మీది స్టేషను ఇది. మా అల్లుడు చెన్నైలో విమానం ఎక్కడానికి ఇక్కడి నుండే వెళ్లాడు. అట్టతో చేసిన ఇరవై నాలుగున్నర సెంటీమీటర్ల పెట్టెకు మేము తెచ్చిన చక్రాలు బిగించి, వాడు దానిని చెన్నై వైపు నుండి ప్లాట్‌ఫారం దాకా మెల్లగా తోశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మాయి కొంగుతో కళ్లు తుడుచుకున్నది. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

ప్రియ పాఠకులారా! రేపటి పనిని గురించి చెప్పేటప్పుడు దైవచిత్తాన్ని జతపరచాలని దివ్య ఖుర్ఆన్ కహఫ్ సూరాలో మనకు నేర్పబడింది. ఆ పలుకు మన సంకల్పానికి తోడుగా ఉండవలసినది. పిల్లలను తప్పించుకోవడానికి మేము దానిని వాడుకున్నాము. మన ఇళ్లలో ఎందరో పిల్లలు తండ్రులను ఫోను తెర మీద చూస్తూ పెరుగుతున్నారు. ఊరి నుండి వచ్చే తాతలు, మేనమామలు, చిన్నాన్నలు వారికిచ్చే మాటకు బరువెక్కువ. ఇవ్వగలిగినది రాసుకోండి. ఇవ్వలేనిది ఆనాడే చెప్పండి. వారడిగినది వెతకడానికి ఒక సాయంకాలం ఖర్చు పెట్టండి, వీలైతే వారి చేయి పట్టుకుని అంగడికి వెళ్లండి.

కర్నూలుకు తిరిగి వచ్చేటప్పుడు వాడు వచ్చే ఏటి జాబితా ఇవ్వబోయాడు. ఒక్కటే అడగమన్నాము. రైలు ఒక దారి నుండి మరొక దారికి మారడానికి ఎడమవైపు పాయింటు ఒకటి కావాలన్నాడు. మా పాఠాల పుస్తకం మొదటి పుటలోనే రాసుకున్నాము. ఇచ్చిన మాట నెరవేర్చే శక్తిని అల్లాహ్ మాకూ మీకూ ప్రసాదించుగాక, దూరదేశాల్లో ఉన్న తండ్రులను క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక! ఆమీన్.