గండిని గండి అనడానికి నామోషీ ఎందుకు?

గండికోట అభివృద్ధికి కేంద్రం, రాష్ట్రాల మూలధన పెట్టుబడికి సాయం చేసే ‘సాస్కి’ పథకం కింద 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసిందన్న వార్త 2024 చివర్లో వచ్చింది. సంతోషించాల్సిన వార్తే. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు పోయి ఆ కోట చూసివచ్చినవాళ్లెవరూ అక్కడ మంచినీళ్లు, మరుగుదొడ్లు, నీడ అక్కర్లేదనరు. ఒళ్లు మండించేదల్లా ఆ వార్తకు తోకలా తగిలించిన మాట: ‘ఇండియన్ గ్రాండ్ కాన్యన్’. అధికార ప్రకటనైనా, పత్రికల శీర్షికైనా, వారాంతంలో బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు సెల్‌ఫోన్లో తీసిన వీడియో అయినా ఆ తోక లేకుండా కనబడదు. ఊరి పేరులోనే గండి ఉంది. గండి మీది కోట కాబట్టి గండికోట. దాన్ని పక్కన పెట్టి అరిజోనా నుంచి పేరు అరువు తెచ్చుకోవడం దండగ పని, తప్పు పని కూడా. ఈ మాటంటే భాషాభిమానుల సణుగుడు అని కొట్టిపారేస్తారని తెలుసు. అందుకే భాషాభిమానం జోలికి పోను. ఒక్క సంవత్సరం గుర్తు చేస్తాను: 1872.

ఆ ఏడాది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగి విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద నివేదిక అచ్చువేశాడు. ఈ నేల కింది పొరలకు పేర్లు పెట్టే పని ఆయన మీద పడింది. దొర ఏం చేశాడు? పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని నాలుగు వర్గాలు చేశాడు. వాటి లోపల వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి. గువ్వలచెరువు కూడా ఉంది, కాకపోతే ఆయన కలానికి అది ‘గుల్చేరు’ అయింది. పై పొరలకు బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అన్నాడు. స్పెల్లింగుల్లో తడబడ్డాడు గానీ పేర్ల విషయంలో తడబడలేదు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు అదే దారిలో ‘గండికోట క్వార్ట్‌జైట్’, ‘చిత్రావతి గ్రూప్’ అని చేర్చారు. ఇవాళ ఏ దేశంలోని భూగర్భ శాస్త్ర విద్యార్థి అయినా కడప బేసిన్ గురించి చదవాలంటే పులివెందుల, వేంపల్లె, గండికోట అని నోరు తిప్పాల్సిందే. పాపం, ప్రొద్దుటూరుకు ఆ భాగ్యం దక్కలేదు. అక్కడ బంగారం అంగళ్లున్నాయి కదా, సరిపెట్టుకోవచ్చు.

మరో సంగతి. అమెరికా అన్వేషకుడు పావెల్ కొలరాడో నదిలో పడవలు వేసుకొని గ్రాండ్ కాన్యన్ పొడవునా వెళ్లింది 1869లో. అంటే కింగ్ నివేదిక వచ్చేనాటికి ఆ పేరు లోకంలో ఉంది. పోలిక కావాలనుకుంటే చేతికందే దూరంలోనే ఉంది. అయినా 1872లో పరాయి దొర మన ఊళ్ల పేర్లు, మన ఏళ్ల పేర్లు తీసుకున్నాడు. నూటయాభై ఏళ్లు దాటాక మనం పరాయి నేల పేర్లు తెచ్చుకుంటున్నాం.

గండి అన్న మాటను కాస్త చేతిలోకి తీసుకొని చూడండి. చెరువు కట్ట తెగితే ‘గండి పడింది’ అంటాం. కాలువ గట్టు ఎవరైనా తెంపితే ‘గండి కొట్టారు’ అంటాం. కట్టకు పడినా గండే, కొండకు పడినా గండే. ఎర్రమల కొండలు పెన్నేటికి అడ్డంగా కట్టలా నిలబడితే, ఏరు దాన్ని కోసుకుంటూ పోయి దారి చేసుకుంది. ఈ మాట పుట్టించిన రైతుకు నీరు రాయిని ఎలా కోస్తుందో తెలుసు. తెలియకపోతే తెగిన చెరువు కట్టకూ, చీలిన కొండకూ ఒకటే పేరు పెట్టేవాడు కాడు. ‘కాన్యన్’లో ఈ వివరం లేదు. అది స్పానిష్ మాట. గొట్టం అన్న అర్థమున్న మాటతో దానికి చుట్టరికం.

గండికోట ఒంటరిది కూడా కాదు. పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండను చీల్చుకొని బయటికొచ్చే చోట వీరాంజనేయస్వామి గుడి ఉంది. ఆ చోటు పేరే గండి. శ్రావణమాసంలో అక్కడికి పోయే వేలమందిలో ఒక్కరికి కూడా ఆ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. ఒకే జిల్లాలో, రెండు వేర్వేరు నదుల మీద, ఒకే రకం భూరూపానికి జనం ఒకే మాట వాడారు. శాస్త్రంలో పరిభాష అంటే ఇంతకు మించి ఏముంటుందో నాకు తెలియదు.

ఇక పోలిక సంగతి. గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది. గండికోట దగ్గర లోతు మూడు వందల అడుగులు అటూ ఇటూ. అంటే దాదాపు ఇరవయ్యో వంతు. ఓడిపోతామని తెలిసిన పందెంలోకి మనంతట మనమే దూకడం ఏం తెలివి? అమెరికా చూసివచ్చిన ప్రవాసాంధ్రుడు కోట బురుజు మీద నిలబడి ‘ఇంతేనా’ అంటే తప్పు ఆయనది కాదు, బోర్డు రాసినవాళ్లది. గండికోట అందం లోతులో లేదు. ఎర్రటి రాతిపలకలు ఎవరో పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడిన తీరులో, ఆ అంచు దాకా వచ్చి ఆగిన కోటగోడలో, లోపలి మసీదులో, మాధవరాయ గుడిలో ఉంది. గ్రాండ్ కాన్యన్ అంచున ఇలాంటి కోట ఒక్కటీ లేదు.

వయసు పందెమైతే మనమే గెలుస్తాం. గ్రాండ్ కాన్యన్ అడుగున బయటపడిన అతి పాత రాయి వయసు సుమారు 184 కోట్ల ఏళ్లు. పులివెందుల దగ్గర రాతిపొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. చొచ్చుకొచ్చినదానికే అంత వయసుంటే, అంతకుముందే అక్కడ పరుచుకొని ఉన్న పొరల వయసు ఇంకా ఎక్కువే కదా. గండి పడింది ఆ తర్వాత చాలా కాలానికి, అది వేరే లెక్క. ఏ ప్రచార పత్రంలోనైనా ఈ 188 కోట్ల సంగతి చదివారా? నేను చదవలేదు. ఇంకో పోలిక కూడా ఎవరూ చెప్పరు: గండికి ఎగువన గండికోట డ్యాం, దిగువన మైలవరం డ్యాం ఉన్నట్టే, గ్రాండ్ కాన్యన్‌కూ ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యాం, దిగువన హూవర్ డ్యాం ఉన్నాయి. రెండూ ఇప్పుడు రెండు కట్టల మధ్య నలుగుతున్న ఏళ్లే. నిజంగా సరిపోలే మాట ఇదొక్కటి, అది కరపత్రానికి పనికిరాదు.

పర్యాటకం వ్యాపారమనీ, తెలిసిన పేరు చెబితేనే తెలియని చోటికి జనం వస్తారనీ వాదించేవాళ్లున్నారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. వీడియోలు పెరిగాకే గండికోటకు బయటి రాష్ట్రాల బండ్లు పెరిగాయి. కానీ పక్కనే ఉన్న బెలుం చూడండి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించిన ఆ గుహలకు బిలం నుంచి వచ్చిన పేరే ఉంది. లోపల సింహద్వారం, కోటిలింగాలు, పాతాళగంగ అనే అంటారు. జనం రావడం మానలేదు. హంపిని ఎవరూ ‘ఇండియన్ రోమ్’ అని అమ్ముకోలేదు. తెలిసిన పేరు ఒకసారి రప్పిస్తుందేమో గానీ, వచ్చినవాడికి ఏం చూశాడో చెప్పదు.

ఈ జబ్బు పర్యాటక శాఖతో ఆగితే ఇంత రాయనక్కర్లేదు. బడిలో భూగోళ పాఠం తెరవండి. నది తొలిచిన లోతైన ఇరుకు లోయకు ‘గార్జ్’ అన్న ఇంగ్లిషు మాటైనా ఉంటుంది, ‘అగాధదరి’ అన్న సంస్కృతపు మాటైనా ఉంటుంది. జమ్మలమడుగు బడిలో పిల్లవాడు అగాధదరి నిర్వచనం బట్టీపట్టి పరీక్ష రాసి, ఆదివారం స్నేహితులతో గండికోట పోయి ఫొటో దిగి వస్తాడు. ఆ రెండూ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పరు. గీజర్ ఐస్లాండు మాట, ఫియోర్డ్ నార్వే మాట, కార్స్ట్ స్లొవేనియాలో ఒక ప్రాంతం పేరు. ఎవరి నేల మీద ఉన్నది వాళ్ల మాటతోనే శాస్త్రంలోకి వెళ్లింది. మన మాట కూడా ఒకటి వెళ్లింది, గొప్పగా వెళ్లింది: నల్లరేగడిని మృత్తికా శాస్త్ర పుస్తకాల్లో ‘రెగర్’ అని కూడా అంటారే, అది మన రేగడే. కుందేటి పక్కన శనగ వేసే రైతు మాట విదేశీ పుస్తకాలెక్కింది. గండి మాత్రం మన పుస్తకంలోకే రాలేదు.

మాటల గొడవే కదా అనేవాళ్ల కోసం నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కేంద్రం 2023లో దేశంలో మొదటి జలవనరుల గణన ప్రకటించింది. మొత్తం 24,24,540. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 1,90,777. వాటన్నిటినీ పాండ్, ట్యాంక్, లేక్, రిజర్వాయర్ లాంటి అరడజను గళ్లలో సర్దారు. మావైపు చెరువంటే కట్ట, తూము, మరవ, ఆయకట్టు ఉన్నది. కుంట దాని చిన్న చెల్లెలు. గుంటకు ఆయకట్టు ఉండదు, ఎర్రగుంట్ల పేరులో ఉన్నది అదే. మడుగు ఏటిలో లోతైన చోటు, పారుదల ఆగిపోయినా నీళ్లు నిలిచేది. జమ్ము పెరిగిన మడుగు కాబట్టే జమ్మలమడుగు అంటారు పెద్దలు. ఎండాకాలం పెన్నేటి ఇసుకలో చేత్తో తవ్వుకొనే చెలమ ఏ గడిలోనూ పట్టదు. ఒంటిమిట్టలో మిట్ట, పాలకొండలో కొండ, ఇలా సగం జిల్లా పేర్లు భూగోళ పాఠమే.

వంక సంగతి మరీ అన్యాయం. వంకంటే వానొస్తే పారేది, మిగతా రోజుల్లో ఎండి ఖాళీ జాగాలా కనబడేది. అందుకే దాన్ని జాగా అనుకుంటారు. కడప నగరం మధ్యలో పారే బుగ్గవంక 2001లో ఊరిని ముంచింది, 2020 నవంబరులో నివర్ తుఫానుకు మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. పేరులో హెచ్చరిక ఉంది. ‘వంక’ అన్న మాట పట్టించుకొని ఉంటే దాని ఒడిలో అన్ని పునాదులు లేచేవి కావు. ‘డ్రెయిన్’ అని పిలవడం మొదలుపెట్టిన రోజే దాన్ని మురుగుకాలువగా చూడటం మొదలైంది.

ఇంతా చేసి, ఇవేవీ కొత్తగా పుట్టించాల్సిన మాటలు కావు. పరిభాషా సంఘం వేయనక్కర్లేదు, నిపుణుల సదస్సు పెట్టనక్కర్లేదు. 1872లో కింగ్ దొర చేసిన పనే: ఊళ్లోకి పోయి, దీన్నేమంటారని అడిగి, రాసుకోవడం. గండికోట జలాశయంలో 26.85 టీఎంసీలు నిలపడానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు నీటి కిందికి పోయాయి. ఆ ఊళ్లతోపాటు వాటి వంకలూ, మిట్టలూ, కుంటలూ పోయాయి. వాటి పేర్లు ఇప్పుడు నిర్వాసితుల నోళ్లలోనే ఉన్నాయి. ఆ జాబితా ఒక్కటీ తయారుచేయనివాళ్లు అరిజోనా పేరును మాత్రం అక్షరం పోకుండా రాస్తున్నారు. ఆదాయం పెంచుతామని బయల్దేరి పేరుకే గండి కొట్టారు.

పర్యాటక శాఖ వారికి ఒక్క మనవి. 77.91 కోట్లలో బోర్డుకయ్యే ఖర్చు ఎంతో ఉండదు. బురుజు దగ్గర పెట్టే బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ‘పెన్నేటి గండి’ అని రాయించండి. తెలుగు రానివాళ్ల కోసం ఇంగ్లిషులోనూ అదే మాట రాసి, కింద అర్థం చెప్పండి. పులివెందుల అగ్నిశిలకున్న 188 కోట్ల ఏళ్ల సంగతీ, కట్ట తెగినట్టు కొండ తెగిన సంగతీ చేర్చండి. గ్రాండ్ కాన్యన్ తోక మాత్రం కత్తిరించండి. 1872లో కింగ్‌కు దాని అవసరం పడలేదు.