మద్దెల ఓడు కాదు

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు గిటారు తీసుకురాకుండా వచ్చాడు. మూడేళ్ళుగా ఆ పిల్లవాడిని గిటారు లేకుండా చూసిన గుర్తు నాకు లేదు. అడిగితే తల వంచుకుని అన్నాడు: "నాది స్ట్రాటోకాస్టర్‌కి చవకరకం నమూనా, మామయ్యా. దాంట్లో టోన్ లేదు. అమ్మేసి, కొంటే 62 మోడల్లాంటిదే కొనాలి." ఎవరు చెప్పారురా అంటే, "అందరూ అంటారు. నేను కూడా రెండూ పక్కపక్కన పెట్టి విన్నానుగా" అన్నాడు.

నా తగాదా అంతా ఆ "పక్కపక్కన పెట్టి వినడం" తోనే.

ఒకే గిటారు రూపాంతరాల నాదాన్ని పోల్చి తీర్పులు చెప్పడం ఇప్పుడొక పెద్ద వ్యాపకం. అందులో ఒక పురాణం స్థిరపడిపోయింది. 1954లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ లో లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను అవతరింపజేశాడు. మొదట దేహం యాష్ కర్ర, 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్. 1959లో మేపుల్ మెడ మీదికి రోజ్‌వుడ్ పలక వచ్చింది. 1965 జనవరిలో సంస్థను సీబీఎస్ 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. అంతవరకు కృతయుగం, ఆ పైన కలియుగం! 1982లో 57, 62 నమూనాలను మళ్ళీ చేయడం మొదలుపెట్టారు, 1985లో సంస్థ తిరిగి ఉద్యోగుల చేతికి వచ్చింది. అయినా భక్తుల లెక్కలో కృతయుగం మాత్రం తిరిగి రాలేదు.

ఈ పురాణంలోని దేవుడి సంగతి ముందు చూద్దాం. లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. ఆయన రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. పాడైన భాగాన్ని తీసి కొత్తది పెట్టుకోవాలన్నది ఆయన బుద్ధి. అందుకే గిటారు మెడను జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. భాగాలు మార్చుకోవడానికే పుట్టిన ఆ వాయిద్యంలో ఇవాళ ఒక్క భాగం మారిందని తెలిస్తే చాలు, సగం ప్రాణం పోయినట్టు ధర తగ్గిస్తారు. భక్తి అంటే ఇదే కాబోలు.

ఇక కలియుగం మాట. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ వేదిక మీద జిమి హెండ్రిక్స్ వాయించిన తెల్ల స్ట్రాటోకాస్టర్ సీబీఎస్ కాలానిదే. డేవిడ్ గిల్మర్ నల్ల గిటారు కూడా 1969 నాటిదే. దానికి మెడ ఎన్నిసార్లు మారిందో! పికప్ మారింది, స్విచ్ మారింది. అన్నీ మారిన ఆ గిటారే 2019 వేలంలో 39,75,000 డాలర్లు పలికింది. ఎరిక్ క్లాప్టన్ "బ్లాకీ" మరీ విడ్డూరం. అది 1950ల నాటి కొన్ని గిటార్ల మంచి భాగాలు ఏరి కూర్చుకున్న అతుకులబొంత. 2004లో 9,59,500 డాలర్లకు పోయింది. ఈ గిటార్ల నాదాన్ని ఏ సంవత్సరం పద్దులో జమ కట్టాలో భక్తులే సెలవివ్వాలి.

నాదం ఎక్కడ పుడుతుందన్నది అసలు ప్రశ్న. మన బొబ్బిలి వీణలో పనసకర్ర కుండే పలుకుతుంది, అక్కడ కర్ర మాట కాదనలేం. స్ట్రాటోకాస్టర్‌కు అలాంటి కుండ లేదు, అది గట్టి చెక్క. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ. ఉక్కు తంత్రి దాని మీద కంపించినప్పుడు తీగలో విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్‌కు చేరేది ఆ విద్యుత్తే. పికప్ తంత్రి పొడవులో ఎక్కడ ఉంది, తంత్రికి ఎంత దగ్గరగా ఉంది, తీగను ఎన్ని చుట్లు చుట్టారు, వాల్యూం గుండీ నిరోధం ఎంత, కేబుల్ ఎంత పొడుగు, స్పీకరు ఏది అన్నవన్నీ నాదాన్ని మార్చేవే. కేబుల్ బాగా పొడుగైతే పైస్థాయి మెరుపు తగ్గుతుంది. కర్ర ప్రభావం అసలే లేదని నేననను. కానీ ఇన్నింటిని దాటుకుని వచ్చిన ధ్వనిని విని "ఇది 1962 నాటి ఆల్డర్ పలుకు" అని చెప్పేవారి చెవిని నేను నమ్మను.

పోల్చేవారు చేసే మొదటి తప్పు శబ్దపు మోతాదు చూడకపోవడం. రెండింటిలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే చెవికి ఇంపుగా తోస్తుంది, ఇది మానవ సహజం. రెండో తప్పు తంత్రులు. ఒకదానికి నిన్న వేసినవి, మరోదానికి ఏడాది తుప్పు పట్టినవి. మూడోది పికప్ ఎత్తు. నాలుగోది అన్నిటికంటే ఘోరం. ఏది ఏదో ముందే తెలిసి వినడం! 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు గుర్తుపట్టే వీలు లేకుండా చేసి పాతవి, కొత్తవి ఇచ్చారు. పాతవాటిలో స్ట్రాడివరీ చేసినవి కూడా ఉన్నాయి. ఎక్కువమంది మెచ్చినది కొత్త వయొలిన్‌ను. వయొలిన్ సంగతే అలా ఉంటే, నాదమంతా తీగచుట్ట గుండా వచ్చే గిటారు సంగతి చెప్పాలా?

రూపాంతరాల మధ్య తేడాలు లేవని నేను వాదించడం లేదు. తీగచుట్టలో తేడా ఉంటే వినిపిస్తుంది. 1977లో అయిదు స్థానాల స్విచ్ వచ్చినప్పుడు రెండేసి పికప్పులు కలిసి పలికే ధ్వని అందరికీ సులువుగా అందింది. శ్రుతి నిలవడం, మెట్లు నునుపుగా ఉండడం, బరువు చేతికి కుదరడం, ఇవన్నీ డబ్బు పెట్టదగిన గుణాలే. నేను కాదనేది ఒక్కటే: తేడాను తీసుకెళ్ళి తక్కువ చేయడం. 1960లలో బ్రెజిల్ రోజ్‌వుడ్ పోయి భారతీయ రోజ్‌వుడ్ వస్తే దాన్ని కూడా పతనమన్నవారున్నారు. అది మన జిట్రేగి చెట్టే సుమా! పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నమాట.

నాకింత కోపం ఎందుకంటారా? ముప్పయ్యేళ్ళ కిందట ఒక దుకాణదారు ఇదే మాట చెబితే నమ్మి, చేతిలో ఉన్న గిటారును సగం ధరకు వదిలేసి, అప్పు చేసి మరొకటి కొన్నాను. అప్పు తీరేసరికి ఉద్యోగం, సంసారం మీద పడి వాయించడమే మానేశాను. కొన్న నాదం పెట్టెలో ఉండిపోయింది.

అందుకే కనుమ నాడు మేనల్లుడి గిటారు తెప్పించాను. ఒక మిత్రుడు తన అమెరికా గిటారు తెచ్చాడు. రెంటికీ ఒకే రకం కొత్త తంత్రులు వేసి, పికప్పుల ఎత్తు సరిచేసి, ఒకే ఆంప్లిఫయర్‌కు కలిపి, శబ్దం సమానం చేశాం. పిల్లవాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మిత్రుడు ఒకే పలుకును రెంటి మీద వాయించాడు, ఏది ముందన్నది నాణెం ఎగరేసి నిర్ణయించాం. పది జతల్లో ఆరుసార్లు వాడు "ఇది బాగుంది" అన్నది తన గిటారునే. దీనితో లోకానికి ఏదో నిరూపించానని చెప్పను. వాడికి మాత్రం అది చాలింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "అయితే అమ్మక్కర్లేదా?" అన్నాడు.

పోలికలు రాసే పెద్దలకు నా మనవి ఒక్కటే. శబ్దం సమానం చేశారా, తంత్రులు ఒకటేనా, కళ్ళు మూసుకుని విన్నారా, ముందు అది చెప్పండి. చెప్పలేకపోతే మీరు పోల్చింది నాదాలను కాదు, ధరల చీటీలను. ఆడలేక మద్దెల ఓడన్నదని పూర్వం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు చక్కగా ఆడగలవాళ్ళ చేత కూడా మద్దెల ఓడనిపిస్తున్నారు. అది నవ్వుకోవలసిన సంగతి కాదు.