పురుగు పొట్టలో జరిగేది రైతుకు చెప్పాలి

చీపురుపల్లి: ఈ ప్రాంత మొక్కజొన్న రైతులకు కత్తెర పురుగు ఇప్పుడు కొత్త కాదు. 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలో కనిపించి, ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లోనూ చేలమీద పడింది. తలమీద తిరగేసిన ఇంగ్లీషు ‘వై’ అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు దీని గుర్తు. మొవ్వులో దూరి, రంపపు పొట్టు లాంటి రెట్ట అడ్డం పెట్టుకుని లోపల తింటూ కూర్చుంటుంది.

దీనికి బి.టి. అనే జీవసంబంధమైన మందు వుంది. లీటరు నీటికి 2 గ్రాములు, ఎకరాకు 400 గ్రాములు వాడాలన్నది సిఫార్సు. ‘కొట్టాం, పురుగు చావలేదు’ అని పెదవి విరిచే రైతులు లేకపోలేదు. ఆపైన దుకాణానికి వెళ్లి రెండు మూడు రసాయనాలు కలిపి కొట్టడమే. ఇందులో మందు తప్పు కొంతే. అది ఎలా పనిచేస్తుందో చెప్పకుండా ప్యాకెట్టు చేతిలో పెట్టిన వారి తప్పే ఎక్కువ.

చాలా రసాయనాలు పురుగు ఒంటిమీద పడినా చంపుతాయి. బి.టి.ని పురుగు తినాలి. ఇది ఒక బ్యాక్టీరియా. 1901లో జపానులో పట్టుపురుగుల చావుకు కారణం వెతుకుతుండగా బయటపడింది. 1915లో జర్మనీలోని తురింజియా ప్రాంతం పేరు దీనికి వచ్చింది. దీనిలో కలకండ పలుకు వంటి మాంసకృత్తు వుంటుంది. పురుగు పొట్టలోని క్షారగుణానికి ఆ పలుకు కరిగి, పేగు గోడకు చిల్లులు పెడుతుంది. కొన్ని గంటల్లో పురుగు మేత మానేస్తుంది. చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు పొద్దున్నే చేనుకు పోయి ‘ఇంకా కదులుతోంది’ అని తీర్పు చెబితే ఎలా? ఆకు కొరకడం ఆగిందా లేదా అన్నది చూడాలి.

మరో విశేషం వుంది. పశువు పొట్టలో వున్నట్లే పురుగు పేగులోనూ సూక్ష్మజీవులు కాపురముంటాయి. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు చెట్ల ఆకులు తినే జిప్సీ మాత్ గొంగళి పురుగులకు ముందుగా యాంటీబయాటిక్ మందులు మేపి ఆ సూక్ష్మజీవులను తుడిచిపెట్టారు. తర్వాత బి.టి. పెడితే పురుగులు చావలేదు. పేగులోని బ్యాక్టీరియాను తిరిగి చేర్చితే చచ్చాయి. చిల్లుపడిన పేగులోంచి ఆ బ్యాక్టీరియా రక్తంలోకి దూరి ప్రాణం తీస్తుందన్నమాట. అన్ని పురుగుల్లోనూ ఇలాగే జరగదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఏమైనా, తెగుళ్లకు వాడే యాంటీబయాటిక్ పొడినీ, రాగి మందునూ బి.టి.తో ఒకే ట్యాంకులో కలపడం చేతులారా మందు బలం తగ్గించుకోవడమే.

అదే సూక్ష్మజీవులు పురుగుకు వత్తాసుగా నిలవడమూ కద్దు. ఫెనిట్రోథియాన్ పదేపదే వేసిన నేలలో ఆ మందును తినే బ్యాక్టీరియా పెరుగుతుందనీ, చిక్కుడు జాతి పైర్ల రసం పీల్చే ఒక పురుగు దాన్ని మట్టిలోంచి పొట్టలో చేర్చుకుని మందును తట్టుకుంటుందనీ 2012లో జపాను శాస్త్రజ్ఞులు చూపారు. మందులకు లొంగని కత్తెర పురుగుల పేగుల్లో క్లోరిపైరిఫాస్ వంటి వాటిని విరగ్గొట్టే బ్యాక్టీరియా వున్నట్లు 2017లో బ్రెజిల్‌లో తేలింది. బ్రెజిల్ కబుర్లు చీపురుపల్లికెందుకని కొట్టిపారేయడానికి లేదు. ఈ పురుగు సొంత వూరు ఆ ఖండమే. మందు పనిచేయలేదని మోతాదు రెట్టింపు చేసే రైతు ఖర్చునే రెట్టింపు చేసుకుంటున్నాడేమో చూసుకోవాలి.

వ్యవసాయ శాఖ కరపత్రాలతో సరిపెట్టకూడదు. విత్తిన రెండు మూడు వారాల్లో, పురుగు చిన్నదిగా వున్నప్పుడే, ప్రతి గ్రామంలో ఒక చెక్కలో సాయంత్రం పూట మొవ్వు తడిసేలా బి.టి. కొట్టించాలి. ఎండకు దీని బలం పోతుంది కనుక సాయంత్రమే మేలు. మూడో రోజున రైతులందరినీ పిలిచి వాళ్ల ఎదుటే మొవ్వులు విప్పి చూపాలి. రేకుల షెడ్డులో వేడికి మగ్గిన ప్యాకెట్లు, గడువు దాటిన ప్యాకెట్లు రైతుకు అంటగట్టకుండా నిఘా వుంచాలి. పట్టుపురుగులకూ ఇది విషమే కనుక మల్బరీ తోట పక్కన చేను వున్నవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.