కీళ్లనొప్పికి సూదిమందు: ఆశకు ఆధారమెంత?

కంకరమీద మైళ్లు నడిచి, వంగి పట్టాల బిగింపులు సరిచూసే ట్రాక్ కార్మికునికి, భుజాన సంచితో మెట్లెక్కి దిగే పోస్టుమ్యానుకు, గంటల తరబడి నిలబడి ఉత్తరాలు వేరుచేసే సార్టరుకు యాభయ్యో ఏడు వచ్చేసరికి మోకాలో, నడుమో, భుజమో మొరాయించడం సర్వసాధారణమైపోయింది. ఈ బాధను ఆసరా చేసుకొని నగరాలలో ఒక వ్యాపారం సాగుతున్నది. అరిగిన కీలు తిరిగి పెరుగుతుందని, శస్త్రచికిత్సతో పని లేదని, నాలుగు సూదులు చాలునని ప్రకటనలు ఊరిస్తున్నవి. భవిష్యనిధి నుండి సొమ్ము తీసి ఈ సూదులకు వెచ్చించే ముందు మన సభ్యులు కొన్ని వాస్తవాలు గ్రహించడం అవసరం.

ఈ చికిత్సలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది ప్రోలోథెరపీ. అమెరికా శస్త్రవైద్యుడు జార్జి హాకెట్ గత శతాబ్ది మధ్యకాలంలో దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. గాఢమైన డెక్స్‌ట్రోజ్ ద్రావణాన్ని కీలులోనికి, కీళ్లను పట్టి ఉంచే నరంపట్టీలు ఎముకకు అతికే చోటికి ఎక్కిస్తారు. దానివలన కలిగే వాపు మానే క్రమంలో దేహమే ఆ భాగాన్ని బలపరచుకుంటుందని ఆశ. రెండవది పి.ఆర్.పి. రోగి రక్తాన్నే యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు అధికంగా గల భాగాన్ని వేరుచేసి కీలులోనికి ఎక్కిస్తారు. మూడవది మూలకణాల సూది.

ఆధారాల మాటకు వస్తే, 2013లో అమెరికాలో 90 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడినవి. ఉప్పునీటి సూది పొందినవారికంటె, ఇంటివద్ద వ్యాయామం చేసినవారికంటె డెక్స్‌ట్రోజ్ పొందినవారికి ఏడాది తరువాత మోకాలి బాధ ఎక్కువగా తగ్గింది. దీనిని కాదనము, కాని పరీక్ష చిన్నది. 2021లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరీక్షలో 288 మందిని పరిశీలించగా, పి.ఆర్.పి.కి, ఉత్త ఉప్పునీటికి మధ్య నొప్పిలో గాని, మృదులాస్థి పరిమాణంలో గాని చెప్పుకోదగ్గ తేడా కానరాలేదు. ఉప్పునీరు ఎక్కించుకున్నవారికి సైతం నొప్పి కొంత తగ్గింది. కనుక "నాకు తగ్గింది" అన్న తోటివాని మాట నిజమే అయినా, అది మందు గుణానికి రుజువు కాదు.

అమెరికా కీళ్లవైద్యుల సంస్థ 2019 మార్గదర్శకాలలో మోకాలి, తుంటి అరుగుదలకు పి.ఆర్.పి., మూలకణ సూదులు వద్దని గట్టిగా చెప్పింది. ప్రోలోథెరపీ కూడ వద్దనే మొగ్గింది. వ్యాయామాన్ని, అధిక బరువు తగ్గించుకోవడాన్ని మాత్రం గట్టిగా సమర్థించింది. మన భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తసంబంధ వ్యాధులలో తప్ప, ఆమోదిత పరిశోధన వెలుపల మూలకణాలను చికిత్సగా ఇవ్వరాదు.

కాబట్టి సభ్యులు ముందుగా శాఖాపరమైన వైద్యుని సంప్రదించాలి. నొప్పికి కారణమేమి, ఎక్కించే మందు ఏది, ఎన్ని సూదులు, మొత్తం ఖర్చెంత, అందులో శాఖ తిరిగి చెల్లించేదెంత, ఫలించకపోతే తరువాతి మార్గమేమి అని అడిగి, సమాధానాలు వ్రాతపూర్వకంగా పొందాలి. అడగడం మన హక్కు.

అయితే సమస్య మూలం సూదిలో లేదు, పనిలో ఉన్నది. ఎక్కువసేపు మోకాళ్లపై గాని, గొంతుకూర్చొని గాని పనిచేయడం వలన మోకాలి లోపలి మృదులాస్థి చిట్లడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. మన యాజమాన్యాలు ఆ అడుగు వేయాలి. ఖాళీలు భర్తీచేసి ఒక్కొక్కరిపై పడే భారం తగ్గించాలి. బరువులెత్తే పనికి యంత్రాలు, పాదాలకు సరిపడే బూట్లు, నిలబడి పనిచేసేవారికి ఆసనాలు సమకూర్చాలి. ప్రతి డివిజన్ కేంద్రంలో ఫిజియోథెరపీ ఏర్పాటు చేయాలి. గ్రామీణ డాక్ సేవకులకు సమగ్ర వైద్య సదుపాయం కల్పించాలి.

శ్రమలో అరిగిన కీలుకు కార్మికుడు తన పొదుపుతో మూల్యం చెల్లించడం న్యాయం కాదు. ప్రతి శాఖ తన పరిధిలో ఇటువంటి బాధితుల వివరాలు సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము. ఆ వివరాలే రేపటి సంప్రదింపులలో మన బలం.