వెనక కాళ్లు బిగిసిన ముసలి గుర్రాలు: ఖమ్మం, భద్రాచలం ప్రాంత యజమానులకు, పెళ్లివారికి విజ్ఞప్తి

పదిహేనేళ్లు దాటిన గుర్రానికి వెనక కాళ్లు బిగుసుకుపోవడం మామూలే. అయితే ఆ బిగుతుకు ప్రతిసారీ ముసలితనమే కారణం కాదు. కీళ్లవాతం, కండరాల పట్టు, నెత్తురులో చేరిన పరాన్నజీవి, బూజు పట్టిన మేత, మనుషులకూ సోకే గ్లాండర్స్ లాంటి జబ్బులన్నీ వెనక కాళ్ల మీద ప్రభావం చూపుతాయి. వీటిలో కొన్ని నయమవుతాయి. కొన్నింటిని మందులతో, సంరక్షణతో అదుపులో పెట్టవచ్చు. గంటల్లోనే ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు వంటి మండలాల్లోనూ గుర్రాలను సాకేవారికి, బరాత్‌లకు కుదుర్చుకునేవారికి ఈ విజ్ఞప్తి: కాళ్లు బిగిసిన గుర్రాన్ని డాక్టరుకు చూపించకుండా పనికి పెట్టవద్దు. పని చేయలేదని అడవి అంచున వదిలేయవద్దు.

జబ్బును ముందుగా పసిగట్టాల్సింది యజమానే. పొద్దున్నే కట్టు విప్పి బయటికి నడిపించినప్పుడు మొదటి ఇరవై అడుగులు గమనిస్తే చాలా విషయాలు తెలుస్తాయి. అడుగు పొట్టిగా పడుతుందా, మట్టిలో గిట్ట ఈడ్చిన గీత మిగులుతుందా, వెనక్కి నడిపిస్తే మొరాయిస్తుందా చూడాలి. వెనక గిట్టల ముందు అంచు అరిగిపోయి ఉంటే ఆ గుర్రం చాలా రోజులుగా కాలు ఎత్తలేక ఈడుస్తోందని అర్థం. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి శరీర ఉష్ణోగ్రత 99.5 నుంచి 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకూ, విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్ల వరకూ ఉంటుంది. ఈ రెండూ, మేత, లద్ది, మూత్రం వివరాలూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే డాక్టరు పని సగం తేలికవుతుంది.

ముసలి గుర్రాల్లో ఎక్కువగా కనిపించేది కీళ్లవాతం. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టు ఉండే కీలు అరిగి, దాని చుట్టూ ఎముక పెరుగుతుంది. పొద్దున బిగుతుగా ఉండి, నాలుగడుగులు వేశాక కాస్త సడలడం దీని గుర్తు. చిక్కిపోయిన గుర్రాల్లో కనిపించే మరో ఇబ్బంది మోకాటిచిప్ప పైకి జరిగి ఇరుక్కోవడం. కాలు కర్రలా వెనక్కి చాచుకుపోయి, ఉన్నట్టుండి ఒక్క ఉదుటున విడిపోతుంది. తొడ కండరాలకు బలం వచ్చేలా మేత, నడక సరిదిద్దితే చాలా గుర్రాలకు ఇది తగ్గుతుంది. తగ్గకపోతే చిన్న శస్త్రచికిత్స ఉంది.

రెండు జబ్బుల లక్షణాలు కనిపిస్తే మాత్రం నిమిషం ఆలస్యం చేయకూడదు. మొదటిది కండరాల పట్టు. మూఢంలోనో ఆషాఢంలోనో ముహూర్తాలు లేక గుర్రం ఊరికే నిలబడి ఉంటుంది. దాణా మాత్రం తగ్గించరు. పెళ్లిళ్లు మొదలవగానే ఒక్కసారిగా పనిలోకి దించితే పిరుదుల కండరాలు రాయిలా గట్టిపడి, ఒళ్లంతా చెమట పట్టి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అది చితికిన కండరాల నుంచి వచ్చే రంగు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలాంటి గుర్రాన్ని ఒక్క అడుగు కూడా నడిపించకుండా, అక్కడే నిలిపి నీళ్లు పెట్టి డాక్టరును పిలవాలి. రెండోది ధనుర్వాతం. లాడం మేకు గుచ్చుకున్న చిన్న గాయం చాలు. నాలుగు కాళ్లూ బిగుసుకుపోతాయి, దవడ బిగుసుకుంటుంది, కంటి లోపలి పొర కనుగుడ్డు మీదికి జరుగుతుంది. పెంపుడు జంతువుల్లో ధనుర్వాతానికి అందరికంటే తేలిగ్గా లొంగేది గుర్రమే కాబట్టి టీటీ టీకా తప్పనిసరి.

అడవి అంచు ఊళ్లలో వానాకాలం జోరీగల కాలం. అవి ఒక పశువు నుంచి మరో పశువుకు సర్రా వ్యాధిని మోస్తాయి. దీనికి కారణమైన పరాన్నజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాలు, ఒంటెల నెత్తురులో గుర్తించాడు. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. గుర్రం మేత తింటూనే చిక్కిపోతుంది, చిగుళ్లు పాలిపోతాయి, పొట్ట కిందా వెనక కాళ్లలోనూ నీరు దిగుతుంది. వాపు మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. ముదిరితే నడుము తూలుతుంది. జ్వరం ఉన్నప్పుడే నెత్తురు తీయించి పరీక్ష చేయిస్తే వ్యాధి బయటపడే అవకాశం ఎక్కువ. క్వినాపైరమిన్ అనే మందు ఉంది కానీ దాన్ని డాక్టరే ఇవ్వాలి. ఆవులు, గేదెలు పైకి ఏ లక్షణమూ లేకుండా ఈ పరాన్నజీవిని మోయగలవు కాబట్టి గుర్రాన్ని వాటికి దూరంగా కట్టడం, ఈగలు ముసరకుండా పొగ వేయడం మంచిది.

వెనక కాళ్ల లోపలివైపు గొలుసులా బొడిపెలు లేచి పగిలి జిగట చీము కారుతుంటే, లేదా ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతుంటే గ్లాండర్స్ అనుమానించాలి. ఇది మనిషికి సోకితే ప్రాణాంతకం కావచ్చు. తొడుగు లేని చేతులతో ముట్టుకోకుండా, గుర్రాన్ని వేరుగా ఉంచి పశుసంవర్ధక శాఖకు తెలపడం చట్టప్రకారం యజమాని బాధ్యత.

మేత విషయంలో ఈ ప్రాంతానికి రెండు హెచ్చరికలు అవసరం. మొక్కజొన్న ఇక్కడ విరివిగా పండుతుంది, తడిసి బూజు పట్టిన కంకులు పశువుల పాలవుతాయి. ఆ బూజులోని విషం గుర్రం మెదడును కరిగించి చంపుతుంది. పచ్చిజొన్న చేలో రోజుల తరబడి మేపితే నడుము కింది భాగం పట్టు తప్పి, మూత్రం చుక్కలుగా కారే జబ్బు వస్తుంది. ఇవి మాని, 250 కిలోల నాటు గుర్రానికి రోజుకు 4 నుంచి 5 కిలోల శుభ్రమైన ఎండుగడ్డి, నానబెట్టిన ఉలవలు కొద్దిగా, ఉప్పు, ఎప్పుడూ అందుబాటులో నీళ్లు ఉంచాలి. నమిలిన గడ్డిని ఉండలుగా వదిలేస్తుంటే పళ్లు మొనదేలి ఉంటాయి, వాటిని అరగదీయించాలి. ఎండాకాలంలోనూ వెంట్రుకలు రాలక ఒత్తుగా, వంకీలు తిరిగి ఉండి, నీళ్లు ఎక్కువ తాగుతుంటే అది పిట్యూటరీ గ్రంథి జబ్బు కావచ్చు. అలాంటి గుర్రాలకు దాణా ఎక్కువైతే గిట్టల లోపల వాపు వచ్చి నిలబడలేవు.

కీళ్లవాతం ఉన్న గుర్రాన్ని రోజంతా కట్టేస్తే బిగుతు పెరుగుతుంది. పొద్దునా సాయంత్రం మెత్తటి మట్టి నేల మీద నెమ్మదిగా నడిపించాలి. పడుకుని లేవడానికి జారని, పొడి నేల కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. వాతలు పెట్టడం, నల్లజీడి రసం పూయడం వల్ల చర్మం కాలి పుండు పడుతుందే తప్ప లోపలి కీలు బాగుపడదు. నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా కేంద్రం 2006లో నిషేధించింది. ఆ మందు వాడిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లకు 2023లో అదే నిషేధం వచ్చింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. అదైనా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. నీళ్లు చాలని ముసలి గుర్రానికి ఏ నొప్పి మందయినా కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు తేవచ్చు.

పెళ్లివారు చేయగలిగిన మేలు కూడా ఉంది. డప్పుల మధ్య గుర్రాన్ని వెనక కాళ్ల మీద లేపి ఆడించినప్పుడు దాని బరువూ, వరుడి బరువూ వెనక కాళ్లలో అరిగిన కీళ్ల మీదే పడతాయి. గుర్రాన్ని కుదుర్చుకునే ముందు ఒకసారి నడిపించి చూడటం, కుంటుతుంటే వద్దనడం, ఆడించమని అడగకపోవడం వారి చేతిలోని పని. వయసువల్లో జబ్బువల్లో పనికి తగని జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. 1965 నాటి నిబంధనల ప్రకారం సరుకు మోసే పోనీకి 70 కిలోలకు మించి ఎత్తకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని చేయించకూడదు. భద్రాచలం, కొత్తగూడెం ఎండలకు వేసవి మధ్యాహ్నాలు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి.

గోదావరి ఒడ్డు ఊళ్లలో ఇంకో జాగ్రత్త అవసరం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. కాళ్లు బిగిసిన గుర్రం చివరి నిమిషంలో పరుగెత్తలేదు, బురదలో పడితే లేవలేదు. దాన్ని మొదటి హెచ్చరికకే మెరక మీదికి తరలించాలి.

గుర్రాన్ని వదిలేయడం కూడా అదే 11వ సెక్షన్ కింద నేరమే. కిన్నెరసాని అభయారణ్యం అంచున వదిలిన రోగి గుర్రం ఆకలితో చస్తుంది. సర్రా ఉంటే జోరీగల ద్వారా ఆ వ్యాధి అడవి జంతువులకూ చేరవచ్చు. పోషణ భారమైతే ముందుగా మండల పశువైద్యుడితో మాట్లాడాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం అడగవచ్చు. పెద్ద పరీక్షలు, శస్త్రచికిత్సల గురించి హైదరాబాద్ రాజేంద్రనగర్, గన్నవరం పశువైద్య కళాశాలల్లో సంప్రదించవచ్చు. లేవలేని, మందుకు తగ్గని బాధలో ఉన్న గుర్రానికి డాక్టరు చేతుల మీదుగా దయామరణం కలిగించడానికి చట్టం అనుమతిస్తుంది. కళేబరాన్ని వాగులోనో అడవిలోనో పారేయకుండా, తాగునీటి బావులకు దూరంగా, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.