డబ్బా విప్పకముందే కోడ్ అడగడం న్యాయమా?

సంపాదకునికి,



సౌదీ అరేబియాలో ఫ్రిజ్‌గానీ, వాషింగ్ మెషీన్‌గానీ ఆన్‌లైన్‌లో తెప్పించుకునే కుటుంబాలకు ఈ పద్ధతి అలవాటే. డెలివరీ మనిషి డబ్బా గుమ్మంలో దించుతాడు, ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పమంటాడు. కోడ్ చెప్పగానే కంపెనీ లెక్కలో సరుకు అందినట్టే. డబ్బా విప్పేది ఆ తర్వాతే. అప్పుడు తలుపు మీద సొట్టో, వెనక వంగిన గొట్టమో కనిపిస్తే, 'తీసుకున్నప్పుడు ఏమీ అనలేదు కదా' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ కోడ్ సరుకు చేరిందని చెప్పగలదు గానీ క్షేమంగా చేరిందని చెప్పలేదు. అందుకే పెద్ద సామాను విషయంలో కొన్నవారి ఎదుట డబ్బా విప్పి చూపించాకే కోడ్ అడగాలన్న నియమాన్ని సౌదీ వాణిజ్య మంత్రిత్వ శాఖ తీసుకురావాలని కోరుతున్నాను.

నేను ఇలా అడుగుతున్నది ఇక్కడ చట్టం లేక కాదు. 2019లో రాజాజ్ఞ ద్వారా వచ్చిన ఈ-కామర్స్ చట్టం ప్రకారం, సరుకు అందిన 7 రోజుల్లోగా, దాన్ని వాడకుండా ఉంటే, కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. చెప్పిన గడువు దాటి 15 రోజులకు మించి ఆలస్యమైనా రద్దు చేసుకోవచ్చు. చట్టాన్ని ఉల్లంఘించిన వ్యాపారికి 10 లక్షల రియాళ్ల దాకా జరిమానా పడుతుంది. 2023 డిసెంబర్ 16 నుంచి అమల్లో ఉన్న పౌర వ్యవహారాల చట్టం, వస్తువు విలువను గానీ ఉపయోగాన్ని గానీ తగ్గించే లోపానికి అమ్మినవాడే పూచీ అంటోంది. లోపం బయటపడితే బేరం వదులుకునే హక్కు ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో శతాబ్దాలుగా ఉన్నదే. ప్రవక్త బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన ఉదంతం ముస్లింలకు సుపరిచితం. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. ఆ తడి గింజలను జనానికి కనబడేలా పైన ఉంచాల్సిందని ప్రవక్త మందలించాడు. తడవడానికి వర్తకుడు కారణం కాకపోయినా, ఉన్నదున్నట్టు చూపించే బాధ్యత అతనిదే అయింది. గిడ్డంగిలోనో లారీలోనో పడిన సొట్టకు కూడా ఇదే న్యాయం వర్తించాలి.

ఆచరణలో జరుగుతున్నది వేరు. 7 రోజుల హక్కు మనసు మారినవారి కోసం పెట్టింది. వేరే ఒప్పందం లేకపోతే తిప్పిపంపే ఖర్చు కొన్నవారే భరించాలని ఆ చట్టమే చెబుతోంది, అది సబబే. దెబ్బతిన్న సరుకు సంగతి అది కాదు. అక్కడ కొన్నవారి మనసు మారలేదు, అమ్మినవాడు ఒప్పుకున్న వస్తువు ఇవ్వలేదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేస్తే రవాణా ఖర్చు కొన్నవారి నెత్తిన పడుతుంది. 'ప్లగ్ పెట్టారు కాబట్టి వాడినట్టే' అన్న వాదన దానికి తోడవుతుంది. పైగా కొన్నవారి దగ్గర సరిగా ఉంచకపోవడం వల్ల వచ్చిన లోపానికి రద్దు హక్కు వర్తించదు. ఇదీ న్యాయమే. కానీ దీనివల్ల తగవంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: సొట్ట ఎక్కడ పడింది, లారీలోనా, ఇంట్లోనా? దీనికి తిరుగులేని జవాబు దొరికేది డెలివరీ మనిషి గుమ్మంలో ఉన్న ఆ కాసేపే. ఇప్పటి పద్ధతి ఆ కాసేపటినే లేకుండా చేస్తోంది.

ఫ్రిజ్‌నే తీసుకోండి. కంప్రెసర్ ఉండేది వెనకవైపు అడుగున. డబ్బా మూల నేలకు తగిలితే దెబ్బ పడేదీ అక్కడే. ముందునుంచి చూస్తే తలుపులు తళతళలాడుతూనే ఉంటాయి. డబ్బా తీసి, థర్మోకోల్ ముక్కలు తొలగించి, వెనక్కి తిప్పితే తప్ప వంగిన గొట్టం కనబడదు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఏ, అంటే మండే స్వభావమున్న గ్యాస్. కాబట్టి గొట్టం పగలడమంటే అందం చెడడం మాత్రమే కాదు, భద్రతకూ సంబంధించిన విషయం. పడుకోబెట్టి తెచ్చిన ఫ్రిజ్‌నైతే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే కరెంటు ఇవ్వాలంటారు, కంప్రెసర్‌లోని ఆయిల్ స్థిమితపడాలి కాబట్టి. అందుకే లోపలి లోపాలు డెలివరీ మనిషి వెళ్లిపోయాకే తెలుస్తాయి. అవి తెలుసుకోవడానికి ప్లగ్ పెట్టడం 'వాడకం' ఎలా అవుతుంది? యూరోపియన్ యూనియన్ 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశంలో ఈ చిక్కు విప్పింది. వస్తువు స్వభావం, పనితీరు తెలుసుకోవడానికి అవసరమైనంత వరకు పరీక్షించి చూస్తే కొన్నవారి మీద భారం పడదు, అంతకు మించి వాడితేనే బాధ్యత. సౌదీ నిబంధనల్లోనూ ఇంత స్పష్టత ఉంటే సగం తగాదాలు పుట్టవు.

ఇలా చేస్తే డెలివరీలు నత్తనడక నడుస్తాయని వ్యాపారులు అనవచ్చు. నిజమే, ఒక్కో ఇంటి దగ్గర పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ భారం డెలివరీ మనిషి నెత్తిన రుద్దకుండా, ఆ సమయాన్ని అతని పనిలో భాగంగా లెక్కగట్టాలి. ఎండలో మూడో అంతస్తుకు ఫ్రిజ్ మోసేది మనలాంటి వలస కార్మికుడే, అతనితో పోట్లాడితే ఒరిగేదేమీ లేదు. అయితే దెబ్బతిన్న సరుకు కోసం మెకానిక్ ఒకసారి, లారీ రెండుసార్లు తిరిగే ఖర్చు కన్నా ఆ పదిహేను నిమిషాలే చవక. కొందరు కొనుగోలుదారులు తామే పగలగొట్టి కంపెనీ మీద నెట్టేస్తారన్నది మరో అభ్యంతరం. అలాంటివారు ఉంటారు, కాదనను. గుమ్మంలోనే ఇద్దరూ చూసి ఫొటో తీసుకుంటే ఆ దబాయింపుకూ చోటుండదు. నిజాయితీగల వ్యాపారికి ఇంతకన్నా రక్ష ఏముంటుంది? ఇది జరగని పని కూడా కాదు. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ కొన్ని వస్తువులకు ఓపెన్ బాక్స్ డెలివరీ నడుపుతోంది: డబ్బా ఎదుటే విప్పుతారు, చూసుకున్నాకే కోడ్.

ఇక్కడున్న మన తెలుగువాళ్లలోని జంకు గురించి కూడా చెప్పాలి. ఫిర్యాదు చేస్తే ఇకామాకు (నివాస అనుమతికి) చిక్కొస్తుందని, కఫీల్ (స్పాన్సర్) దాకా వెళ్తుందని భయపడి, సొట్ట ఫ్రిజ్‌తోనే సర్దుకుపోయేవారు చాలామంది. ఈ భయం అక్కర్లేదు. ఇది కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య వ్యవహారం, ఉద్యోగంతో సంబంధం లేదు. వాణిజ్య మంత్రిత్వ శాఖ నంబరు 1900కు ఫోన్ చేయవచ్చు, 'బలాగ్ తిజారీ' యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. కావాల్సింది బిల్లు. 15 శాతం వ్యాట్ చూపించే, క్యూఆర్ కోడ్ ఉన్న బిల్లు ఇవ్వని దుకాణంలో నాలుగు రియాళ్లు తగ్గుతాయని పెద్ద సామాను కొంటే, రేపు చేతిలో ఆధారమే ఉండదు. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. డెలివరీ మనిషి ఆగనంటే, 'విప్పి చూడలేదు' అని ఇంగ్లిష్‌లోనైనా సరే రసీదు మీద రాసి ఫొటో తీసుకోండి, లేదా అతని ఎదుటే కంపెనీకి మెసేజ్ పంపండి. సొట్ట కనిపించిన రోజే రాతపూర్వకంగా తెలపండి. మెకానిక్ వచ్చి తేల్చేదాకా ఆగమంటే ఫిర్యాదు పెట్టి ఆగండి, ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. రియాద్‌లో 45 డిగ్రీలు దాటే ఎండాకాలంలో పసిపిల్లలున్న ఇల్లు వారం రోజులు ఫ్రిజ్ లేకుండా గడపడం మాటలు కాదు.

ఒక్కొక్కరం ఎంత జాగ్రత్తపడినా నియమం మారితేనే ఈ బాధ తీరుతుంది. సౌదీలో కొత్త నిబంధనల ముసాయిదాలను 'ఇస్తిత్లా' అనే ప్రభుత్వ వేదికలో ప్రజాభిప్రాయానికి పెడుతున్నారు. రియాద్, జెడ్డా, దమ్మాం, జుబైల్‌లలోని తెలుగు సంఘాలు పండుగల ఏర్పాట్లతో పాటు ఈ పని కూడా చేపట్టాలి. అరబిక్ వచ్చినవారి చేత ఒక వినతి రాయించి మంత్రిత్వ శాఖకు పంపాలి, ఈ-కామర్స్ నిబంధనల సవరణ ముసాయిదా వచ్చినప్పుడు గడువులోగా అభిప్రాయం నమోదు చేయాలి. ఆ సంఘాల బాధ్యులు మీ పత్రిక చదువుతారన్న నమ్మకంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
దమ్మాం, సౌదీ అరేబియా